అలసటకు నాలుగు శాతం

నాలుగో సెమిస్టర్‌లో
ప్రొఫెసర్ అర్బెలాయెస్ తలా ఒక స్టాప్‌వాచీ చేతిలో పెట్టి
"పనిని చూడండి, మనిషిని కాదు" అన్నాడు.
నాకు వచ్చిన చీటీలో
ఇతగ్వీ చొక్కాల ఫ్యాక్టరీ,
మూడో వరస, కాలర్లు.

మూడో వరసలో ఏడో మిషను
మా పిన్ని మార్లెనీది.

ఆ సంగతి నేను చెప్పలేదు.
పిన్నీ చెప్పలేదు.
ఎవరో ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టు తలూపి
పెడల్ మీద పాదం వేసింది.

కాలరు అందుకోవడం, రెండు సెకన్లు.
అంచుకి అంచు కలపడం, మూడున్నర.
మూల దగ్గర సూది ఆగి, బట్ట తిరిగి, మళ్ళీ పరుగు
అక్కడ ప్రతిసారీ నా బొటనవేలు వెనకబడింది.
ముప్ఫై కాలర్లు. సగటు పంతొమ్మిది.

ఇంట్లో పెనం మీద అరేపా మాడుతున్నా
కిటికీలోంచి వాన చూస్తూ నిలబడే మనిషి.
ఆ చేతులు ఇవేనా అనిపించింది.

ఫారంలో ఒక గడి ఉంటుంది: రేటింగ్.
వంద అంటే మామూలు మనిషి, మామూలు వేగం.
ఆ మామూలు మనిషి ఎలా ఉంటుందో
ఏ పుస్తకంలోనూ బొమ్మ లేదు.
సూపర్‌వైజర్ భుజం మీంచి తొంగిచూసి
"వంద వేసెయ్ పాపా, అందరూ ఇంతే కుడతారు" అన్నాడు.
ఎనిమిదో మిషను దగ్గర ఎవుకారిస్
పట్టేసిన భుజాన్ని రెండో చేత్తో నొక్కుకుంటోంది.

విరామంలో, మెట్ల కింద,
ప్లాస్టిక్ కప్పుల్లో చక్కెర పాకంలాంటి కాఫీ.
పిన్ని గుసగుసగా అడిగింది:
"బాగా కుట్టానా?
రోజూ ఇంత జోరు ఉండదులే.
నీకు మార్కులు బాగా రావాలని."

కాఫీ గొంతు దిగలేదు.

వంద వేస్తే పిన్ని పరుగే అందరికీ నడక.
నూట పాతిక వేస్తే
కాలరుకి అయిదు సెకన్లు మిగులుతాయి,
రోజుకి రెండు వందల డెబ్భై కాలర్లు
ఎవరి మెడ మీదా పడవు.
నూట పాతిక వేశాను.
సొంత అవసరాలకు ఏడు శాతం, ఆడవాళ్ళు కాబట్టి.
అలసటకు నాలుగు.
ఎందుకు నాలుగు అని క్లాసులో ఎవరూ అడగలేదు,
నేనూ అడగలేదు.

అయిదుకి మూడు ఎనిమిది వచ్చింది.
పక్కన ఎర్ర సిరాతో: "రేటింగ్ ఉదారంగా ఉంది."
ఆ రిపోర్టు ఫ్యాక్టరీలో ఏ బీరువా అడుగున ఉందో,
ఎవరైనా తెరిచారో లేదో.
పిన్నికి మాత్రం నాలుగున్నర అని చెప్పాను.

తర్వాత మేం తలోదారీ పట్టాం.
దువాన్ విమానాశ్రయంలో పెట్టెల వెనక తిరుగుతున్నాడు,
ఎవరి సామానో ఎక్కడికో పోతే రాత్రి నిద్రపోడు.
రియోనెగ్రో చలి గదుల్లో గులాబీల లెక్క యెసెనియాది,
పూలంటే ఇప్పుడు వాసన కాదంటుంది, ఉష్ణోగ్రత.
ఒకడు బ్యాంకులో క్యూలు కత్తిరిస్తున్నాడు.
ఇంకొకతి అన్నీ వదిలేసి బేకరీ పెట్టింది,
పొయ్యికీ బల్లకీ మధ్య మూడే అడుగులట,
అదొక్కటే డిగ్రీ నేర్పిందంటుంది.

నాది మెడెయిన్‌లో ఆసుపత్రి.
అత్యవసర విభాగంలో నర్సులు
ఒక్క రాత్రికి ఎన్ని అడుగులు వేస్తారో లెక్కించాలి.
మొదటి రోజే, నా చేతిలో పలక చూడగానే
ఓల్గా లూసియా అనే పెద్ద నర్సు
పరుగులాంటి నడక అందుకుంది.
నాకు మెట్ల కింద కాఫీ గుర్తొచ్చింది.

వాచీ జేబులో వేసుకుని
"మీరు రోజూ నడిచినట్టే నడవండి" అన్నాను.
నమ్మలేదు. ఎవరు నమ్ముతారు?
ఓ మూల స్టూలు మీద కూర్చున్నాను,
దూది కట్టలు మడిచాను,
ఎవరో అడిగితే తలుపు పట్టుకున్నాను.

నాలుగో రాత్రి, రెండు దాటాక,
ఆమె నా ముందునుంచే
చెప్పుల మడమలు ఈడ్చుకుంటూ వెళ్ళింది,
నన్ను పూర్తిగా మరిచిపోయి.

అప్పుడు మొదలుపెట్టాను.
ఒకటి.